క్రోన్స్ అనే పేగుజబ్బుకి ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టమంటున్నారు. రాయగడలో ఉండి నడపగలమా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా?

నాగావళి_రాయగడ

నమస్కారం. మా తమ్ముడి విషయంలో సలహా కావాలి. వివరాలన్నీ ఒకేచోట రాస్తున్నాను.

వయసు 26. బరువు 52 కిలోలు, జబ్బుకి ముందు 61 ఉండేవాడు. మూడేళ్ల కిందట కడుపునొప్పి, విరేచనాలతో మొదలైంది. ముందు పేగు టీబీ అని ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. ఆకలి కాస్త పెరిగింది గాని కొలనోస్కోపీ మళ్లీ చేస్తే పుళ్లు అలాగే ఉన్నాయి. అప్పుడు క్రోన్స్ అని తేల్చారు. చిన్నపేగు చివర, పెద్దపేగులో కలిసేచోటికి ముందు సుమారు 20 సెంటీమీటర్ల మేర ఉంది.

ఈ ఏడాదిలో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రెండుసార్లు 40 ఎంజీతో మొదలుపెట్టారు. రెండుసార్లూ 15కి దిగేసరికి నొప్పి తిరగబెట్టింది, రోజుకి ఆరేడు విరేచనాలు. ఇప్పుడు 20 మీద ఉన్నాడు. రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్ మాత్ర 50 ఎంజీ నాలుగు నెలలుగా వాడుతున్నాడు. పేగు వాపుకిచ్చే మెసలమైన్ కూడా ఉంది. ఈ నెల రిపోర్టులు: హిమోగ్లోబిన్ 9.6, సీఆర్పీ (వాపు గుర్తు) 34, ఆల్బుమిన్ (రక్తంలో ప్రొటీన్) 3.1, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు గుర్తు) 900 పైన. ఎంఆర్ ఎంటరోగ్రఫీలో (పేగుకి తీసే ఎంఆర్ఐ) ‘వాపు చురుగ్గా ఉంది, పేగు కొద్దిగా సన్నబడింది, దానికి పైన ఉబ్బు లేదు’ అని రాశారు.

వైజాగ్‌లో చూస్తున్న డాక్టరు గారు ఇక ఆలస్యం వద్దు, ఆసుపత్రిలో నరంలోకి ఎక్కించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అన్నారు. అది కుదరకపోతే అడలిముమాబ్. నా సందేహాలు ఇవి.

అజాథయోప్రిన్‌తోనే ఇంకో మూడు నెలలు చూడటం తప్పా? పోయిన ఏడాది మా తాతగారికి ఊపిరితిత్తుల టీబీ వచ్చి, ఇదే ఇంట్లో ఉండి మందులు పూర్తిచేశారు. ఈ ఇంజెక్షన్‌తో తమ్ముడికి టీబీ తిరగబడుతుందా? రాయగడ నుంచి వైజాగ్‌కి ఎనిమిది వారాలకోసారి తిరగడం మంచిదా, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుని పొడుచుకునే అడలిముమాబ్ మంచిదా? కరెంటు సంగతి తెలిసిందే. అమ్మకి మాత్రం ఒకటే భయం, క్యాన్సర్ వస్తుందని ఎవరో చెప్పారు.

బరంపురం_గ్యాస్ట్రో

నాగావళి గారూ, రిపోర్టులు కళ్లారా చూడకుండా రాస్తున్నాను. మీ డాక్టరు గారిని ఏమేం అడగాలో తెలియడానికి ఇది వాడుకోండి.

ముందు అజాథయోప్రిన్ సంగతి. 52 కిలోల మనిషికి 50 ఎంజీ అంటే కిలోకి ఒక ఎంజీ కూడా పడటం లేదు. మామూలు లక్ష్యం కిలోకి 2 నుంచి 2.5, అంటే 100 నుంచి 125. కాబట్టి ‘అజా వాడాం, పనిచేయలేదు’ అనడానికి లేదు, దాన్ని సరైన మోతాదులో ఇంకా వాడలేదు. అలాగని ఇప్పుడు పెంచి మూడు నెలలు చూద్దామనడం నాకు సమ్మతం కాదు. ఆ మందు పూర్తిగా పట్టుకోవడానికే 8 నుంచి 12 వారాలు కావాలి. అన్నాళ్లూ మీ తమ్ముడు దేని మీద నిలబడతాడు? స్టెరాయిడ్ మీదే. మూడు నెలల్లో 10 ఎంజీ కిందికి దిగలేకపోతే దాన్ని స్టెరాయిడ్ మీద ఆధారపడిన జబ్బు అంటాం. మీవాడు సరిగ్గా అక్కడే ఉన్నాడు. స్టెరాయిడ్ నొప్పిని నొక్కిపెడుతుంది గాని పేగు పుండుని మాన్పదు. నెలల తరబడి సాగితే ఎముకలు గుల్లబారతాయి, చక్కెర పెరుగుతుంది, కంట్లో శుక్లం వస్తుంది.

రెండోది, ఎంఆర్‌లో ‘కొద్దిగా సన్నబడింది, పైన ఉబ్బు లేదు’ అన్న మాట. నాకైతే మొత్తం రిపోర్టులో ఇదే ముఖ్యమైన వాక్యం. వాపు వల్ల వచ్చిన సన్నదనాన్ని మందు విప్పగలదు. అదే మచ్చగట్టి నారలా గట్టిపడిందంటే ఏ ఇంజెక్షనూ విప్పలేదు, బెలూన్‌తో సాగదీయడమో ఆపరేషనో దిక్కు. దాని పైభాగం 3 సెంటీమీటర్లు దాటి ఉబ్బితే ఆ దారిలో పడినట్టే. మీకింకా ఉబ్బు రాలేదు. బలమైన మందుని ఆఖరి అస్త్రంగా దాచుకుంటే, అది పనిచేసే వేళ దాటిపోయాక బయటికి తీసినట్టవుతుంది.

దీనికి ఆధారాలు చెప్తాను. 2010లో వచ్చిన సోనిక్ అనే మందుల పరీక్షలో స్టెరాయిడ్ లేకుండా 26 వారాలకి కుదుటపడినవాళ్లు అజా ఒక్కటే వాడితే నూటికి 30, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే వాడితే 44, రెండూ కలిపితే 57. 2024లో వచ్చిన ప్రొఫైల్ పరీక్ష కొత్తగా జబ్బు తేలినవాళ్ల మీద చేసింది. మొదటి నుంచే రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 79 శాతం మంది ఏడాది పొడవునా జబ్బు తిరగబెట్టకుండా, స్టెరాయిడ్, ఆపరేషన్ అవసరం లేకుండా గడిపారు. మెట్టుమెట్టుగా పెంచినవాళ్లలో 15 శాతం మందే.

మెసలమైన్ చిన్నపేగు క్రోన్స్‌కి దాదాపు పనికిరాదు. డాక్టరు గారిని అడిగి ఆపేస్తే నెలనెలా ఆ ఖర్చు మిగులుతుంది.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. జబ్బు 40 సెంటీమీటర్ల లోపు, ఒకే చోట ఉంటే ల్యాప్రోస్కోపీతో ఆ ముక్క తీసేసి కలపడం ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి దీటైన మార్గమే. నెదర్లాండ్స్, బ్రిటన్ ఆసుపత్రుల్లో చేసిన పరీక్ష 2017లో ఆ మాట రుజువు చేసింది. కానీ ఆల్బుమిన్ 3.1తో, ప్రెడ్నిసొలోన్ 20 మీద, తొమ్మిది కిలోలు తగ్గిన మనిషికి ఇవాళ కోస్తే కుట్లు విడే భయం ఎక్కువ. ముందు ఒళ్లు పట్టాలి.

ఇక టీబీ, మన దగ్గర మొదట తేల్చుకోవలసింది ఇదే. మూడేళ్ల కిందటి ఆరు నెలల కోర్సు అప్పటి క్రిమికి. పోయిన ఏడాది ఇంట్లో దగ్గిన తాతగారి నుంచి కొత్తగా సోకితే ఆ పాత కోర్సు అడ్డుకోదు. టీబీ సోకిందో చూసే ఇగ్రా రక్తపరీక్ష, మాంటూ చర్మపరీక్ష, ఛాతీకి ఎక్స్‌రే కాదు సీటీ, ఈ మూడూ చేయించండి. స్టెరాయిడ్ 15 - 20 మీద ఉన్నవాడికి ఇగ్రా ‘తేలలేదు’ అని రావచ్చు, తప్పుగా నెగెటివ్ కూడా రావచ్చు. అందుకని నెగెటివ్ కాగితం చూసి ధీమా పడొద్దు. ఇంట్లోనే టీబీ రోగి ఉన్న చరిత్ర, పైగా ఈ రకం ఇంజెక్షన్. ఈ రెండూ కలిస్తే నివారణ మందు ఇవ్వడమే న్యాయం. టీబీ చురుగ్గా లేదని తేల్చుకున్నాక ఐసోనియాజిడ్ 300 ఎంజీ రోజూ ఆరు నెలలు, కాళ్లు తిమ్మిర్లెక్కకుండా పైరిడాక్సిన్ తోడు. మొదలుపెట్టిన నెలకి గాని ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించకూడదు. వారానికోసారి మింగే 12 డోసుల పద్ధతి కూడా ఉంది గాని అందులోని రిఫాపెంటిన్ ప్రెడ్నిసొలోన్ బలాన్ని తగ్గించేస్తుంది. స్టెరాయిడ్ మీదున్న మీవాడికి ఐసోనియాజిడే నయం. సర్కారీ టీబీ కేంద్రంలో ఈ మాత్రలు ఉచితం. అజా, ఐసోనియాజిడ్ రెండూ కాలేయం మీద పడేవే. అందుచేత నెలనెలా లివర్ పరీక్ష. ఆ రోజుల్లో పసర్లు, చూర్ణాలు ఏవీ వద్దు. కామెర్లు వస్తే ఏ మందు వల్ల వచ్చిందో తెలియక అన్నీ ఆపాల్సొస్తుంది.

హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ కూడా ఇప్పుడే చూడాలి. బి పాజిటివ్ అయితే ముందు దాని మందు, తర్వాతే ఇది. ఫ్లూ, న్యుమోకోకల్, హెపటైటిస్ బి టీకాలు ఈ నెలలో వేయించేయండి. ప్రాణమున్న టీకాలు, అంటే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ లాంటివి, ఇప్పుడున్న మందుల మీదే కుదరవు.

అమ్మగారి భయానికి అంకెలతోనే జవాబు చెప్పాలి. ఫ్రాన్స్‌లో దాదాపు 1.9 లక్షల మంది పేగుజబ్బు రోగుల లెక్క తీసి 2017లో ప్రచురించారు. ఏడాదికి పదివేల మందిలో లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) వచ్చినవాళ్లు ఏ మందూ వాడనివాళ్లలో సుమారు 3, ఈ రకం ఇంజెక్షన్ ఒక్కటే వాడితే 4, అజా ఒక్కటే వాడితే 5, రెండూ కలిపితే 9 - 10. పెరుగుదల ఉన్న మాట నిజమే. అది పదివేలకి ఇంత అన్న లెక్క. మీవాడి పేగు ఇవాళ్టి స్థితి మాత్రం కళ్లముందే ఉంది.

కోరాపుట్_పీజీ

సార్ చెప్పినదాంట్లో ఒక్కచోట నాది కాస్త భిన్నాభిప్రాయం. రెండూ కలిపి వాడటం గురించి.

35 ఏళ్ల లోపు మగవాళ్లలో కాలేయం, ప్లీహాలకి వచ్చే ఒక అరుదైన టీ కణాల లింఫోమా ఉంది. చాలా అరుదు, కాని వస్తే ప్రాణాంతకం. నమోదైన కేసుల్లో ఎక్కువ మంది రెండేళ్లకి పైగా అజా వాడిన కుర్రాళ్లే. కాబట్టి కలిపి మొదలుపెట్టినా 6 నుంచి 12 నెలలకి కొలనోస్కోపీ బాగుంటే అజా తీసేయాలన్న షరతు మొదట్లోనే రాయించుకోండి. ఎవరూ గుర్తుచేయకపోతే అది ఏళ్ల తరబడి చీటీలో ఉండిపోతుంది.

అజా పెంచే ముందు, ఒళ్లు ఆ మందుని తట్టుకుంటుందో లేదో చెప్పే ఎన్‌యూడీటీ15 జన్యుపరీక్ష చేయించండి. అలాంటిదే మరో పరీక్ష టీపీఎంటీ మాత్రమే చూస్తే చాలదు, మన దేశంవాళ్లలో తెల్లకణాలు పడిపోవడానికి ఎన్‌యూడీటీ15 తేడాలే ఎక్కువ కారణం. పరీక్ష కుదరకపోతే 25 ఎంజీ చొప్పున మెల్లగా పెంచుతూ మొదటి నెల వారంవారం సీబీసీ. మోతాదు పెంచిన రెండు మూడు వారాల్లో దువ్వెనకి జుట్టు గుత్తులుగా వస్తే ఆ రోజే మాత్ర ఆపి రక్తం చూపించాలి, తెల్లకణాలు పడిపోతున్నాయనడానికి అది తొలి గుర్తు. బొడ్డు పైన మొదలై వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు వస్తే క్లోమం వాచిందేమో చూడాలి.

ఎవరో ఒకరు ‘ఇంజెక్షన్ ఎందుకు, టోఫాసిటినిబ్ మాత్ర చవగ్గా దొరుకుతుంది కదా’ అంటారు. అది అల్సరేటివ్ కొలైటిస్‌కి పనికొస్తుంది, క్రోన్స్ పరీక్షల్లో నెగ్గలేదు. అదే కుటుంబంలోని ఉపాడాసిటినిబ్ క్రోన్స్‌కి పనిచేస్తుంది. మొదటి 12 వారాలు రోజుకి 45 ఎంజీ, తర్వాత 15 లేదా 30. ఫ్రిజ్ అక్కర్లేదు. కానీ దానికీ టీబీ భయం ఉంది, అగ్గిచప్పి (హెర్పిస్ జోస్టర్) లేచే అవకాశం ఎక్కువ. మామూలుగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ రకం పనిచేయనప్పుడే అటు వెళ్తారు. టీబీ భయం తక్కువున్నది వెడోలిజుమాబ్, అది పేగు వరకే పనిచేస్తుంది. క్రోన్స్‌లో నెమ్మది, ఫలితం తెలియడానికి 14 వారాలైనా చూడాలి.

మన జిల్లాలకి సంబంధించిన మాట ఒకటి. రాయగడ, కోరాపుట్‌లలో జ్వరం వస్తే ఇంట్లోవాళ్లూ ఆశా దీదీ కూడా మలేరియా అనే అనుకుంటారు. ఈ ఇంజెక్షన్ మీదున్న మనిషికి జ్వరం వస్తే మలేరియా కార్డు పరీక్ష వెంటనే చేయాలి, కానీ నెగెటివ్ వస్తే అక్కడితో వదిలేయకూడదు. స్క్రబ్ టైఫస్ చూడాలి, ఛాతీ ఫోటో తీయాలి. సాయంత్రం పూట వచ్చే సన్నజ్వరం, మెడలో బిళ్లలు, పొట్ట ఉబ్బు, మళ్లీ బరువు తగ్గడం, ఇవి రెండు వారాలు దాటితే టీబీ కోసం వెతకాలి. ఈ మందు మీద వచ్చే టీబీ ఊపిరితిత్తుల్లోనే ఉండాలని లేదు, ఒళ్లంతా పాకుతుంది. దగ్గు లేదు కదా అని ఊరుకోవద్దు. జ్వరం కారణం తేలేదాకా తర్వాతి డోసు వాయిదా.

బీడీ, చుట్ట అలవాటుంటే అది ఏ మందునైనా వెనక్కి లాగుతుంది. కీళ్లనొప్పులకి డైక్లోఫెనాక్ కూడా వద్దు, పారాసెటమాల్ చాలు.

మందులషాపు_గుణుపురం

ఫ్రిజ్, రైలు, లెక్కలు నేను చెప్తాను.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకి 5 ఎంజీ. 52 కిలోలకి 260. వయల్ 100 ఎంజీ, అంటే ప్రతిసారీ మూడు వయల్స్. 0, 2, 6 వారాల్లో మూడు డోసులు, ఆ తర్వాత 14, 22, 30, 38, 46 వారాల్లో. మొదటి ఏడాదికి 8 డోసులు, 24 వయల్స్. అడలిముమాబ్ 40 ఎంజీ పెన్నులు మొదటి రోజు నాలుగు, రెండు వారాలకి రెండు, ఆపైన రెండు వారాలకొకటి చొప్పున 50వ వారం దాకా 24. మొత్తం 30. ధర అడిగేటప్పుడు ఒక్క వయల్ ధర కాదు, 24 వయల్స్‌కి ఎంతో, 30 పెన్నులకి ఎంతో రాయించుకుని పోల్చండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి బెడ్డు చార్జీ, దారి ఖర్చు కలపండి. మన దేశంలో తయారైన బయోసిమిలర్లు, అంటే అసలు బ్రాండుకి సాటిగా వేరే కంపెనీలు చేసినవి, రెండింటికీ ఉన్నాయి. అడలిముమాబ్‌ది 2014 చివర్లోనే వచ్చింది. డబ్బామీద ముద్రించిన ధరకీ ఆసుపత్రి కౌంటర్ ధరకీ చాలా తేడా ఉంటుంది, బేరం అడగడానికి మొహమాటపడకండి. ఏ కంపెనీది మొదలుపెడితే దాని పేరు, బ్యాచ్ నంబరు ప్రతిసారీ పుస్తకంలో రాసుకోండి.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు. వేడికంటే గడ్డకట్టడమే పెద్ద ప్రమాదం. ఒకసారి గడ్డకట్టిన పెన్ను కరిగాక చూడ్డానికి తేటగానే ఉంటుంది, కానీ లోపలి ప్రొటీన్ విరిగిపోయి ఉంటుంది. పారేయడమే. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఐసుగూడు కిందున్న ట్రే ఉంటుంది చూడండి, మందుకి అంతకన్నా చెడ్డ చోటు లేదు. వెనకగోడకి ఆనించినా గడ్డకడుతుంది. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడెక్కుతుంది. మధ్య అరలో, ముందువైపు, అట్టపెట్టెలోనే ఉంచండి. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపే చిన్న డిజిటల్ థర్మామీటరు పక్కన పెట్టి పొద్దునా రాత్రీ చూడండి. ఖాళీ అరల్లో నీళ్లసీసాలు నింపి పెడితే కరెంటు పోయాక చలి ఎక్కువసేపు నిలుస్తుంది. కరెంటు లేనప్పుడు తలుపు తెరవొద్దు.

‘25 డిగ్రీల్లో 14 రోజులు బయట ఉండొచ్చు’ అని అసలు బ్రాండు కరపత్రంలో ఉంటుంది. బయోసిమిలర్లకి వేరేగా ఉండొచ్చు, మీ డబ్బాలోని కాగితం చూడండి. ఏదైనా ఆ సడలింపు 25 డిగ్రీలకి. మే నెలలో రాయగడ ఇంట్లో గది 25 ఉండదు కాబట్టి అది మనకి అక్కరకు రాదు.

వైజాగ్ నుంచి రైల్లో తేవాలంటే థర్మోకోల్ పెట్టె, జెల్ ప్యాకులు నాలుగు. ఫ్రీజర్ నుంచి తీసిన ప్యాకుని అలాగే పెట్టకండి. బయట ఉంచి పైన మంచు కరిగి చెమట పట్టాక, ఊపితే లోపల కదిలినట్టు అనిపించాక పెట్టాలి. టీకాల పెట్టెకి ఏఎన్ఎం అక్కలు చేసేది ఇదే, మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో చూపించమంటే చూపిస్తారు. ప్యాకుకీ మందుకీ మధ్య అట్ట గాని మడిచిన తువ్వాలు గాని ఉండాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి గజపతి జిల్లాలోనూ శ్రీకాకుళం ఉద్దానంలోనూ రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఎక్కడ పెట్టాలో ముందే అనుకోండి. జనరేటరున్న మందుల షాపు, టీకాలు దాచే సర్కారీ దవాఖానా, ఏదో ఒకటి మాట్లాడి ఉంచుకోండి. రెండు పెన్నులకి మించి ఇంట్లో నిల్వ పెట్టకండి.

నాగావళి_రాయగడ

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇవాళ తమ్ముణ్ని మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. సిగ్గుపడి చెప్పలేదట. మూడు వారాలుగా మలద్వారం పక్కన గోళీకాయంత గడ్డ, కూర్చుంటే నొప్పి, అప్పుడప్పుడు చీము. ఇగ్రా రిపోర్టు కూడా వచ్చింది, సార్ అన్నట్టే ‘ఇండిటర్మినేట్’. ఇప్పుడు ఇంజెక్షన్ ఆపాలా?

ఇంకొకటి. మా దగ్గర ఒడిశా ఆయుష్మాన్ కార్డు ఉంది. వైజాగ్‌లో చెల్లుతుందా?

బరంపురం_గ్యాస్ట్రో

అడిగి మంచిపని చేశారు. ఈ గడ్డతో వరస మారింది. మందు మాత్రం అదే.

మూసుకున్న చీము లోపలుండగా ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కిస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది. కాబట్టి ఈ వారంలోనే ఎంఆర్ఐ పెల్విస్. మలద్వారం జబ్బులు చూసే సర్జన్ మత్తులో పరీక్షించి చీము తీసేస్తారు. లోపలి నుంచి బయటికి దారి, అంటే ఫిస్టులా ఉంటే అందులో సీటాన్ అనే మెత్తని దారం వదులుగా కట్టి వదిలేస్తారు. ఆ దారం దారిని తెరిచి ఉంచుతుంది, చీము నిలవదు. చూసి కంగారుపడొద్దు, నెలల పాటు ఉండొచ్చు. క్రోన్స్ అని సర్జన్‌కి తప్పనిసరిగా ముందే చెప్పండి. మామూలు భగందరం అనుకుని కండరాన్ని కోసేస్తే పుండు మానదు, మలం పట్టు పోయే ప్రమాదం ఉంది. క్షారసూత్రం, అంటే ఆయుర్వేదంలో కట్టే మందు పూసిన దారం, వేయించేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, వాపున్న పేగుకి అది కుదరదు.

దానితోపాటు సిప్రోఫ్లాక్సాసిన్ గాని మెట్రోనిడజోల్ గాని కొన్ని వారాలు ఇస్తారు. మెట్రోనిడజోల్ వాడుతుండగా పాదాలు మొద్దుబారితే చెప్పాలి. ఐసోనియాజిడ్ వల్లా అదే రావచ్చు.

మీ మూడో సందేహం దీంతో తీరినట్టే. ఫిస్టులాకి అన్ని మందుల్లోకీ గట్టి ఆధారం ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కే ఉంది. స్టెరాయిడ్ ఫిస్టులాకి మేలు చేయదు, చీముకి ముసుగు వేస్తుంది. అందుకని దాన్ని దించే ప్రణాళిక ఇప్పుడే రాయించండి. ప్రెడ్నిసొలోన్, అజా, ఇన్‌ఫ్లిక్సిమాబ్ మూడూ ఒక్కసారిగా నడిస్తే ఇన్ఫెక్షన్లు బాగా పెరుగుతాయి. అలాగని మీ అంతట మీరు హఠాత్తుగా ఆపొద్దు, ఒంట్లో సొంత కార్టిసాల్ తయారవడం ఆగిపోయి ఉంటుంది.

ఇగ్రా తేలలేదు కాబట్టి మాంటూ, ఛాతీ సీటీ. రెండూ శుభ్రంగా వచ్చినా తాతగారి చరిత్ర వల్ల నేనైతే నివారణ మందు ఇస్తాను. చీము తీయడం, ఐసోనియాజిడ్ మొదటి నెల, ఈ రెండూ ఒకేసారి నడుస్తాయి గనక నిజానికి మీకు కాలం వృథా కాదు. ఆ నెలలో ఒళ్లు పట్టించండి. హిమోగ్లోబిన్ 10 కిందుంది కాబట్టి ఐరన్ మాత్ర కాదు, నరంలోకి ఐరన్. పాలపొడిలా కలుపుకునే పోషకాహారం డైటీషియన్ లెక్క ప్రకారం రోజు తిండిలో సగమైనా. పేగు సన్నబడింది కాబట్టి వెదురు కొమ్ములు, పనస, పీచు మామిడి, నారింజ తొనల పొర ఇప్పుడు వద్దు. చోడి అంబలి పల్చగా వడకట్టి తాగొచ్చు.

ఆల్బుమిన్ తక్కువగా ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాపెక్కిన పేగు గుండా మలంలోకి కారిపోతుంది. మొదటి డోసులకి గుణం తక్కువ కనిపిస్తే ‘మందు పడలేదు’ అని మార్చేయకుండా, 14వ వారం డోసుకి ముందు రక్తంలో మందు మోతాదు, దానికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీ రెండూ చూడమనండి. మోతాదు తక్కువ, యాంటీబాడీ లేదు అంటే డోసు పెంచడమో ఎడం తగ్గించడమో చేయాలి. యాంటీబాడీ గట్టిగా పుట్టి ఉంటే అప్పుడు మందు మార్పు. అదే రోజు సీఆర్పీ, కాల్‌ప్రొటెక్టిన్. కొలనోస్కోపీ ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య.

జీవితాంతమా అని అమ్మగారు అడుగుతారు. పేగు మాని, ఫిస్టులా మూసుకుని, ఏళ్లపాటు నెమ్మదించాక ఆపే మాట ఆలోచిస్తాం. ఫిస్టులా ఉన్నవాళ్లలో ఆ ఆలోచన కూడా చాలా జాగ్రత్తగానే.

ఇన్ఫ్యూజన్_సిస్టర్_వైజాగ్

కార్డు గురించి. ఆయుష్మాన్ వేరే రాష్ట్రంలో ఎంప్యానెల్ అయిన ఆసుపత్రిలోనూ చెల్లుతుంది, కానీ అది ఆసుపత్రిలో చేరి తీసుకునే చికిత్సకి. ఈ ఇంజెక్షన్ ఆ ఆసుపత్రి ప్యాకేజీల్లో ఉందో లేదో కౌంటర్ దగ్గర వైజాగ్ వచ్చే ముందే ఫోన్‌లో కనుక్కోండి. సీటాన్ ఆపరేషన్‌ని, ఇంజెక్షన్‌ని విడివిడిగా అడగండి. ఏపీ ఎన్టీఆర్ వైద్యసేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) ఒడిశా రేషన్ కార్డు మీద రాదు. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ మెడికల్ కాలేజీల్లో ఇంజెక్షన్ సరఫరా ఉందేమో కూడా అడిగి చూడండి.

డోసు రోజున ఏం జరుగుతుందో చెప్తాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి. ముందు బరువు, జ్వరం, బీపీ చూస్తాం. దగ్గు, జ్వరం, పంటి చీము, మళ్లీ గడ్డ, ఏదున్నా వయల్ కలపకముందే చెప్పాలి. కలిపాక మూడు గంటల్లోపు ఎక్కించడం మొదలుపెట్టాలి, వద్దనుకుంటే మూడు వయల్సూ వృథా. ఒక్కో వయల్‌లో 10 ఎంఎల్ స్టెరైల్ నీళ్లు గోడవెంట వదిలి మెల్లగా గుండ్రంగా తిప్పుతాం. కుదిపితే నురగొచ్చి మందు చెడుతుంది. ఐదు నిమిషాలు ఆగి, 250 ఎంఎల్ సెలైన్‌లో కలుపుతాం. సాదా సెలైనే, గ్లూకోజు సీసా కాదు. పైపులో 1.2 మైక్రాన్ ఫిల్టరు ఉండాలి. లేకుండా ఎక్కిస్తుంటే అడిగే హక్కు మీకుంది.

మొదటి పావుగంట గంటకి 10 ఎంఎల్ వేగం, తర్వాత పావుగంటకోసారి 20, 40, 80, ఆపైన అరగంట 150, చివరి అరగంట 250. మొత్తం రెండు గంటలు, తర్వాత గంటా రెండు గంటలు కూర్చోబెడతాం. దురద, ఛాతీ బిగుతు, వెన్నులో నొప్పి, మొహం ఎర్రబడటం, ఏది అనిపించినా ఆ క్షణమే చెప్పాలి. ముందు పైపు ఆపుతాం. చాలాసార్లు వేగం తగ్గించి, అలర్జీకి అవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చాక మిగతాది సాగిపోతుంది. ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం అయితే అడ్రినలిన్ వేస్తాం, ఆ రోజుకి మందు మళ్లీ ఎక్కించం. ఇంటికెళ్లాక 3 నుంచి 12 రోజుల మధ్య జ్వరం, దవడ నొప్పి, కీళ్లు పట్టేయడం, దద్దుర్లు వస్తే ఫోన్ చేయండి, అది ఆలస్యంగా వచ్చే రియాక్షన్.

రాయగడలోనే చిన్న నర్సింగ్‌హోంలో ఎక్కించుకోవచ్చా అని అడగబోతారు. ఫిల్టరు సెట్, ఇన్ఫ్యూజన్ పంపు, అడ్రినలిన్, ఆక్సిజన్, పక్కనే డాక్టరు ఉంటే మూడు డోసులు ఇక్కడ సాఫీగా అయ్యాక కుదరొచ్చు. మొదటి మూడూ పెద్ద ఆసుపత్రిలోనే.

డోసు నాలుగు రోజులు ముందూ వెనకా అయితే నష్టం లేదు. నెలల విరామం వచ్చి మళ్లీ మొదలుపెడితే ఒళ్లు ఆ మందుని శత్రువుగా గుర్తుపెట్టుకుని ఉంటుంది, పెద్ద రియాక్షన్లు అప్పుడే ఎక్కువ. డబ్బు అయిపోయి మధ్యలో ఆపేసినవాళ్లకి ఆ మందు మళ్లీ పనికిరాకుండా పోవచ్చు. అందుకే ఏడాది ఖర్చు కళ్లముందు పెట్టుకున్నాకే మొదటి సీసా తెరవమంటాను. వానాకాలం డోసులకి రెండు రోజులు ముందే బయల్దేరండి. 2017 జూలైలో మీ రాయగడకి ఉత్తరాన తేరువలి, సింగపూర్ రోడ్డు మధ్య వంతెన కొట్టుకుపోయి అటువైపు రైలు దారే మూతపడింది.

నాగావళి_రాయగడ

సోమవారం సర్జన్ అపాయింట్‌మెంట్ దొరికింది, ఎంఆర్ఐ శనివారం. తాతగారి టీబీ కార్డు ఫోటో తీసి పెట్టుకున్నాను, ఐసోనియాజిడ్ గురించి టీబీ కేంద్రంలో మాట్లాడాను. అమ్మకి ఆ పదివేలకి ఇంత అన్న లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఒప్పుకుంది. సిస్టర్, మూడో డోసు అంటే రెండో డోసు తర్వాత ఆరు వారాలకా?

ఇన్ఫ్యూజన్_సిస్టర్_వైజాగ్

కాదమ్మా, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. అన్నీ మొదటి డోసు తేదీ నుంచే. రెండోది 14వ రోజు, మూడోది 42వ రోజు, అంటే రెండో డోసు తర్వాత నాలుగు వారాలకి. నాలుగోది 98వ రోజు. ఆ నాలుగో డోసుకి వచ్చినప్పుడు పైపు పెట్టకముందే రక్తం తీయించండి, మందు మోతాదు పరీక్ష డోసుకి ముందు తీసిన రక్తంతోనే చూడాలి.